పాలమూరు ఎండలో ఒక మోల్ ఎంత?

పోయిన నెల ఈ పేజీలో గోలీసోడా గురించి రాస్తూ, మాటల్లో మాటగా "ఏ గ్యాసైనా సరే, ఒక మోల్ తీసుకుంటే 22.4 లీటర్లుంటుంది" అని ఒక వాక్యం వదిలాను. (ఒక పదార్థం అణుభారం ఎంతో అన్ని గ్రాములు తీసుకుంటే అది ఒక మోల్. ఏ పదార్థమైనా ఒక మోల్‌లో అణువుల సంఖ్య ఒకటే.) ముప్పై మూడేళ్లు సుద్దముక్క పట్టుకున్న చేయి కదా, ఆ వాక్యం దానంతటదే రాసుకుపోతుంది. దానిమీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఒకరైతే నా తప్పునే పట్టుకున్నారు. అందుకని ఈసారి పేజీ అంతా గ్యాసులకే ఇచ్చేశాను. బోరునీళ్లకు గిన్నెల మీద పడే తెల్లమరకల గురించి అడిగిన ఇద్దరూ వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: హైడ్రోజన్ అణుభారం 2, కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44. అంత చిన్నదీ ఇంత పెద్దదీ ఒకే ఘనపరిమాణాన్ని ఎలా ఆక్రమిస్తాయి? మా సార్‌ను అడిగితే "అది అవగాడ్రో నియమం, రాసుకో" అన్నారు. – ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, దేవరకొండ

రాసుకున్నావు కదా, మంచిదే. ఇప్పుడు అదేమిటో చూద్దాం తల్లీ.

ఈ ప్రశ్నకు నేను చాలా ఏళ్లు తప్పు జవాబు చెప్పాను. పెళ్లి పంక్తిలో లావు మనిషికీ బక్క మనిషికీ తలా ఒక విస్తరే వేస్తారు, అలాగే ప్రతి అణువుకూ ఒకే చోటు అనేదాన్ని. పిల్లలు నవ్వేవారు, నేను మురిసిపోయేదాన్ని. చండూరు దగ్గర ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి, "విస్తరి వేసేది వడ్డించేవాళ్లు కదా టీచర్, గాలిలో ఎవరు వేస్తారు?" అన్నాడు. ఏమీ తోచక "కూర్చో" అన్నాను. రాత్రి వంట చేస్తూ ఆలోచిస్తే వాడి మాటే న్యాయం అనిపించింది. అణువుకు చోటు కొలిచి ఇచ్చేవారు ఎవరూ లేరు. పైగా పంక్తిలో జనం కదలకుండా కూర్చుంటారు. గ్యాసులో ఏ అణువుకూ ఒకచోట నిలకడ ఉండదు.

ముందు, అణువు తన ఒంటికి ఎంత చోటు తీసుకుంటుందో చూడు. నీటి అణుభారం 18. అంటే 18 గ్రాముల నీళ్లు ఒక మోల్. చిన్న చెంచాతో కొలిస్తే నాలుగు చెంచాలకు కొంచెం తక్కువ. అవే నీళ్లు 100 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆవిరైతే సుమారు 30.6 లీటర్లవుతాయి, రెండు పెద్ద బిందెలు. చెంచాలు బిందెలయ్యాయి, 1700 రెట్లు. అణువులు ఉబ్బాయా? లేదు. కొత్తవి వచ్చి చేరాయా? అదీ లేదు. వాటి మధ్య దూరం పెరిగింది, అంతే. అంటే ఆ బిందెల్లో 1700 వంతులుంటే అణువుల ఒళ్లు ఒక వంతు కూడా నిండదు, తక్కినదంతా ఖాళీ. పదెకరాల బీడులో నలుగురు పిల్లలు పరుగెత్తుతున్నారనుకో. వాళ్లలో ఒకడు కాస్త బొద్దుగా ఉంటే బీడు ఇరుకవుతుందా? నీకు పెద్దగా కనిపించిన 44 కూడా ఆ ఖాళీలో లెక్కలోకి రానంత చిన్నది.

మరి అంత ఖాళీని పట్టి ఉంచేది ఏమిటి? అణువులు గోడలకు తగిలే దెబ్బలు. బెలూను ఉబ్బి నిలబడుతున్నదంటే లోపలి నుంచి తగిలే దెబ్బలు, బయటి గాలి దెబ్బలకూ రబ్బరు బిగువుకూ కలిపి సరితూగుతున్నాయన్నమాట. ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఏ గ్యాసు అణువుకైనా సగటు గతిశక్తి ఒకటే. బరువైన అణువు నెమ్మదిగా నడుస్తుంది, తేలికైనది ఉరుకుతుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే హైడ్రోజన్ వేగం దాదాపు 4.7 రెట్లు. బరువైనది గట్టిగా కొడుతుంది కానీ అప్పుడప్పుడు కొడుతుంది. తేలికైనది మెల్లగా తాకుతుంది కానీ మాటిమాటికీ తాకుతుంది. లెక్క వేస్తే గోడ మీద రెండింటి తోపూ సరిసమానం. కాబట్టి గోడకు తెలిసేది ఎన్ని అణువులున్నాయన్నదే. అవి ఏ గ్యాసువో, ఎంత బరువువో గోడ అడగదు.

కళ్లారా చూడాలంటే చెరువుగట్టు జాతరకు వెళ్లు. చిన్నప్పుడు మా నాన్న నాకొక గ్యాసు బెలూను కొనిచ్చి, తమ్ముడికి మామూలు బెలూను సైకిల్ పంపుతో కొట్టి ఇచ్చాడు. రెండూ ఒకే సైజు. నాది దారం లాక్కుంటూ పైకి పోతోంది, వాడిది కాళ్ల దగ్గర దొర్లుతోంది. వాడి ఏడుపు గుట్ట కింది దాకా వినిపించింది. ఇప్పుడు లెక్క కట్టి చూస్తే, ఒక్కో బెలూను 3 లీటర్లనుకుంటే ఒక్కోదానిలో సుమారు 0.12 మోల్ ఉంటుంది. అణువుల సంఖ్య రెండింటిలోనూ ఒకటే. కానీ నా బెలూన్లోని హైడ్రోజన్ బరువు పావు గ్రాము, తమ్ముడి బెలూన్లోని గాలి బరువు మూడున్నర గ్రాములు. చోటు సమానం, సంఖ్య సమానం, బరువులో పద్నాలుగు రెట్ల తేడా. ఎగరడమూ దొర్లడమూ ఆ తేడా వల్లే. (హైడ్రోజన్ బెలూన్లు నిప్పు తగిలితే భగ్గుమంటాయి. ఇప్పుడు మా మనుమలకు నేనే కొననివ్వను.)

మీ సార్ చెప్పిన పేరు గురించి కూడా రెండు మాటలు. 1808లో ఫ్రాన్సులో గే లూసాక్ ఒక చిత్రం చూపించాడు. ఘనపరిమాణం లెక్కన రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ల నీటి ఆవిరి వస్తుంది. రెండూ ఒకటీ మూడు కావాలి కదా, రెండే ఎందుకు? 1811లో ఇటలీవాడు అవగాడ్రో దీనికి దారి చూపాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయి, ఆక్సిజన్ అణువు రెండుగా చీలి రెండు నీటి అణువుల్లోకి చెరి సగం పోతుంది అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్ కూడా ఒప్పుకోలేదు, ఒకే మూలకం పరమాణువులు రెండు జతకట్టడం ఆయనకు మింగుడు పడలేదు. అవగాడ్రో 1856లో కన్నుమూశాడు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో రసాయన శాస్త్రవేత్తలంతా పరమాణు భారాల గందరగోళం తీర్చుకోవడానికి కూడినప్పుడు, కానిజారో అనే మరో ఇటలీవాడు ఈ మాటను మళ్లీ ముందుకు తెచ్చాడు. నువ్వు ఒక్క నిమిషంలో రాసుకున్న వాక్యం యాభై ఏళ్లు మూలన పడి ఉంది. ఒక మోల్‌లో ఎన్ని అణువులుంటాయో చెప్పే, అవగాడ్రో సంఖ్య అని మనం బట్టీ పట్టే 6.022 ఇంటూ పది ఘాతం 23 ఆయన ఎన్నడూ చూడలేదు, ఆ పేరు తరవాతి వాళ్లు పెట్టినది.

పీవీ = ఎన్‌ఆర్‌టీ అనే సమీకరణంలో పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్‌ల సంఖ్య, ఆర్ ఎప్పుడూ మారని ఒక అంకె, టీ ఉష్ణోగ్రత. అందులో ఎన్ ఆయన వాటా. పీడనం, ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, ఎన్ రెట్టింపయితే వీ రెట్టింపు. ఎన్ సగమైతే వీ సగం. హైడ్రోజన్‌కు వేరే సమీకరణం, కార్బన్ డయాక్సైడ్‌కు వేరే సమీకరణం లేకపోవడమే దాని అందం.

ప్రశ్న: ఒక మోల్ 22.4 లీటర్లని రాశారు. అది సున్నా డిగ్రీల దగ్గరి మాట. పాలమూరులో సున్నా డిగ్రీలు ఎవరైనా చూశారా? – విశ్రాంత ఇంజనీరు, మహబూబ్‌నగర్

ఒప్పుకుంటున్నాను అన్నగారూ. "సున్నా డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర" అనే ముక్క లేకుండా 22.4 అనడం, ఏ ఊరో చెప్పకుండా బస్సు చార్జీ చెప్పినట్టే. (అట్మాస్ఫియర్ అంటే సముద్రమట్టం దగ్గరి గాలి పీడనం.)

మీ ఊరి లెక్కే వేద్దాం. ఎండాకాలంలో 42 డిగ్రీలనుకోండి. దానికి 273 కలిపితే గ్యాసుల లెక్కకు వాడే కొలతలో 315 కెల్విన్. ఆర్ విలువ 0.0821తో గుణిస్తే ఒక మోల్‌కు 25.9 లీటర్లు. ఇంకా అయిపోలేదు. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పీడనం ఐదారు శాతం తక్కువ. ఆ తగ్గుదల కూడా చూసుకుంటే మోల్ 27 లీటర్లు దాటుతుంది. అదే సంక్రాంతి ముందు తెల్లవారుజామున 15 డిగ్రీలుంటే సుమారు 25 లీటర్లు. 22.4 మీ ఊళ్లో ఏడాది పొడుగునా దొరకదు.

కొన్ని కొత్త పుస్తకాల్లో 22.7 అని ఉంటుంది, అదీ తప్పు కాదు. 1982లో శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ప్రమాణ పీడనాన్ని ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కు మార్చింది. బార్ కాస్త చిన్నది, కాబట్టి గ్యాసు కాస్త ఎక్కువ పరుచుకుంటుంది.

మీలాంటివారికి చెప్పనక్కర లేదు గానీ, ఈ పేజీ చదివే పిల్లల కోసం ఒకటి చెప్పాలి. 22 డిగ్రీల నుంచి 44 డిగ్రీలకు పెరిగితే ఘనపరిమాణం రెట్టింపు అని రాసిన జవాబుపత్రాలు నేను వందల్లో దిద్దాను. సెల్సియస్ సున్నా మనిషి పెట్టుకున్న గుర్తు, నీళ్లు గడ్డకట్టే చోటు. గ్యాసుకు దానితో సంబంధం లేదు. దాని లెక్క మైనస్ 273 నుంచి మొదలవుతుంది. 295 నుంచి 317కు పెరిగిందంటే పెరిగింది ఏడున్నర శాతం. అంతకన్నా చుక్క ఎక్కువ కాదు.

ప్రశ్న: మా మామగారికి ఇంట్లో ఆక్సిజన్ పెడుతున్నాం. ఆ సిలిండర్‌కు ముల్లు ఉంది, ఎంత మిగిలిందో తెలుస్తుంది. వంట గ్యాసు సిలిండర్‌కు అలాంటి ముల్లు ఎందుకు పెట్టరు? పోయిన వారం చుట్టాలొచ్చిన రోజే అయిపోయింది. – గృహిణి, మిర్యాలగూడ

చుట్టాలు రాకుండా అది అయిపోతే నాకు చెప్పు చెల్లెమ్మా, అలాంటి సిలిండర్ నేను ఇంతవరకూ చూడలేదు.

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. చూడటానికి రెండూ ఇనుప సిలిండర్లే, లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు.

ఆక్సిజన్ సిలిండర్‌లో ఉన్నది అచ్చంగా గ్యాసే. ఎంత నొక్కినా మన వాతావరణంలో అది ద్రవం కాదు. సిలిండర్ లోపలి చోటు మారదు, గది వేడి పెద్దగా మారదు. మన సమీకరణంలో వీ, టీ స్థిరం. ఇక మిగిలినవి రెండే, పీడనం, మోల్‌ల సంఖ్య. ఒకటి ఎంత తగ్గితే రెండోదీ అంతే తగ్గుతుంది. కాబట్టి ఆ ముల్లు చూపించేది పేరుకు పీడనం, నిజానికి లోపల మిగిలిన అణువుల లెక్క. ముల్లు సగానికి వచ్చిందంటే ఆక్సిజన్ సగమైందని కళ్లు మూసుకుని నమ్మవచ్చు.

ఇళ్లలో వాడే చిన్న సిలిండర్ లోపల నీళ్లు పోస్తే సుమారు 10 లీటర్లు పడతాయి. నిండుగా ఉన్నప్పుడు పీడనం బయటి గాలికి సుమారు 150 రెట్లు. పదిని 150తో గుణిస్తే 1500 లీటర్ల ఆక్సిజన్. ముల్లు 75 దగ్గర ఉంటే 750 లీటర్లు. డాక్టరు నిమిషానికి 2 లీటర్లు పెట్టమన్నారనుకో, 375 నిమిషాలు, ఆరుంపావు గంటలు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి సిలిండర్ పక్కన గోడకు అంటించు. రాత్రిపూట మనసు కొంత నెమ్మదిగా ఉంటుంది. కానీ సున్నా దాకా లాగవద్దు, పావు వంతు ఉండగానే రెండోది సిద్ధం చేసుకో. ఇంకో మాట. ఆ బిరడా దగ్గర నూనె చేతులు పెట్టవద్దు, ఆ గదిలో దీపం, అగరుబత్తి వద్దు. ఇది చదువు కోసం చెప్పే మాట కాదు, ఇంటి మనిషిగా చెబుతున్నాను.

ఇక వంట గ్యాసు. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఆ సరుకు సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. కదిపితే గలగలమనేది అదే. ద్రవం పైన కొంచెం ఖాళీ, ఆ ఖాళీలో ఆవిరి. నువ్వు పొయ్యి వెలిగిస్తే పైనున్న ఆవిరి పోతుంది, వెంటనే కిందున్న ద్రవంలో కొంత ఆవిరై ఆ లోటు పూడుస్తుంది. ద్రవం ఒక్క గరిటెడు మిగిలినా పైన ఆవిరి పీడనం దాదాపు అంతే. అది మిగిలిన సరుకును బట్టి ఉండదు, ఆనాటి వేడిని బట్టీ ప్రొపేన్, బ్యూటేన్ పాళ్లను బట్టీ ఉంటుంది. దానికి ముల్లు పెడితే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఇంచుమించు ఒకే చోట నిలబడి, చుట్టాలొచ్చిన రోజు ఢామ్మని కిందికి పడిపోతుంది. అందుకే పెట్టరు. పీవీ = ఎన్‌ఆర్‌టీ గ్యాసుకు రాసిన సూత్రం. ద్రవం దానికి కట్టుబడదు.

మరి ఎలా తెలుసుకోవాలి? తూకమే దారి. సిలిండర్ మెడ దగ్గర ఖాళీ బరువు చెక్కి ఉంటుంది, నిండుగా ఉంటే దాని మీద 14.2 కిలోలు. మీ మిర్యాలగూడలో రైసుమిల్లులకు కొదవ లేదు, కాటాలకూ కొదవ ఉండదు. లేదంటే మా అమ్మ చేసే పని చెయ్యి. తడిబట్టతో సిలిండర్‌ను పైనుంచి కింది దాకా తుడిచి రెండు నిమిషాలు చూడు. పైభాగం త్వరగా ఆరిపోతుంది, ద్రవం ఉన్న మేర తడి ఇంకాసేపు నిలుస్తుంది. ఆ తడి గీతే నీ ముల్లు.

ఆ 14.2 కిలోలు మొత్తం గ్యాసైపోతే ఎంతవుతుందో తెలుసా? ప్రొపేన్ 44, బ్యూటేన్ 58, సగటున 50 అనుకుంటే 284 మోల్‌లు. మన ఎండాకాలం లెక్కకు ఏడు వేల లీటర్లకు పైనే. ట్రాక్టర్ వెనక వచ్చే 5000 లీటర్ల నీళ్ల ట్యాంకర్ ఒకటిన్నర. లీకయినప్పుడు భయపడాల్సింది అందుకే. గాలి సగటు అణుభారం 29, దీనిది 50. ఒకే చోటులో అంతే అణువులు, కానీ బరువు ఎక్కువ. అందుకని అది పైకి పోదు, నేల మీద పాకుతుంది. వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా కింది గాలి బయటికి పోయేలా తలుపులు తెరవాలి. వంటింట్లో పైన చిన్న కిటికీ ఉందిలే అని ఊరుకుంటే కుదరదు.

ప్రశ్న: 27 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర ఒక మోల్ ఘనపరిమాణం కనుక్కోమంటే నాకు 2494 లీటర్లు వచ్చింది. ఎక్కడ తప్పు? – విద్యార్థి, హుజూర్‌నగర్

ఆర్ విలువ 8.314 వేసి, పీడనం 1 అని వేశావు. 8.314 వేస్తే పీడనం పాస్కల్‌లలో ఉండాలి, అంటే 1,01,325. జవాబు ఘనపు మీటర్లలో వస్తుంది, 0.0246. దాన్ని వెయ్యితో గుణిస్తే 24.6 లీటర్లు. పీడనం అట్మాస్ఫియర్లలో, చోటు లీటర్లలో కావాలంటే ఆర్ 0.0821. అయినా నాయనా, ఒక మోల్‌కు 2494 లీటర్లు వచ్చినప్పుడే కలం కింద పెట్టి ఒకసారి ఆగవద్దూ?

ప్రశ్న: నేను సూర్యాపేటలో హైవే పక్కన టైర్ల దుకాణం నడుపుతున్నాను. నైట్రోజన్ కొట్టిస్తే ఎండకు టైరులో ప్రెషర్ పెరగదంటారు. నిజమేనా? కస్టమర్లు అడిగితే ఏం చెప్పాలి? – టైర్ల వ్యాపారి

నైట్రోజన్ వ్యాపారం చేసేవారికి నా మాట నచ్చకపోవచ్చు తమ్ముడూ. దేవరకొండ అమ్మాయికి చెప్పిన జవాబు చదివే ఉంటావు. గోడ అణువు జాతి అడగదు, టైరూ అడగదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. మిగిలిన ఆక్సిజన్ తీసేసి అక్కడా నైట్రోజనే పెట్టినంత మాత్రాన వేడికి పెరిగే పీడనంలో తేడా రాదు.

లెక్క చూడు. తెల్లవారి 25 డిగ్రీలున్నప్పుడు కారు టైరులో 32 పీఎస్ఐ కొట్టావు. మధ్యాహ్నం విజయవాడ రోడ్డు మీద ఉరికి ఉరికి టైరు లోపల 65 డిగ్రీలైంది. నీ గేజీ చూపేది బయటి గాలికి పైన ఎంత ఉందో అది మాత్రమే. బయటి గాలి 14.7 కూడా కలిపితే అసలు పీడనం 46.7. అది 298 కెల్విన్ నుంచి 338కి పోతే సుమారు 53 అవుతుంది. 14.7 తీసేస్తే గేజీ మీద 38కి కాస్త పైన. నైట్రోజనైనా, గాలైనా, ఇంకేదైనా ఇదే 38.

తేడా వచ్చేది తడి దగ్గర. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి గాలితోపాటు టైరులోకి పోతే, వేడికి ఆ నీళ్లు ఆవిరై కొత్త అణువులుగా లెక్కలో చేరతాయి. ఎన్ పెరుగుతుంది, పీడనం ఇంకాస్త పెరుగుతుంది. నైట్రోజన్ పొడిగా వస్తుంది, దానికి ఉన్న మంచి పేరులో కొంత ఈ పొడితనానిదే. రోజూ పొద్దున నీ కంప్రెసర్ ట్యాంకు అడుగు బిరడా తిప్పి నీళ్లు వదిలితే ఆ మేలు చాలావరకు ఊరికే దొరుకుతుంది.

కస్టమర్లకు చెప్పవలసింది వేరే ఉంది. మధ్యాహ్నం గేజీలో 38 చూసి, ఎక్కువైందని గాలి తీయించేవాళ్లు నీ దగ్గరికి వస్తూనే ఉంటారు. 32కు దించి పంపావనుకో, నువ్వు తీసింది వేడిని కాదు, అణువుల్ని. టైరు చల్లారాక మర్నాడు పొద్దున అదే టైరులో 26 పీఎస్ఐ చిల్లర ఉంటుంది. మెత్తబడిన టైరు రోడ్డు మీద మరింత నలుగుతుంది, నలిగితే మరింత వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడే కొలవాలని వాళ్లకు గట్టిగా చెప్పు.

ప్రశ్న: మోల్‌లు సగమైతే ఘనపరిమాణం సగమవుతుందని ఇంట్లో చేసి చూడవచ్చా? మా బడిలో ప్రయోగశాల ఉంది కానీ తాళం వేసి ఉంటుంది. – పదో తరగతి విద్యార్థి, నకిరేకల్

తాళం సంగతి నేను మాట్లాడితే ఈ పేజీ చాలదు. నకిరేకల్‌లో ఉండి ప్రయోగశాల లేదంటావేమిటి బాబూ, మీ నిమ్మ మార్కెట్టే పెద్ద ప్రయోగశాల.

పోయిన ఆదివారం మా మనుమడితో కలిసి వసారాలో చేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. కావలసినవి వంటసోడా, ఎనిమిది నిమ్మకాయలు, లీటరు మంచినీళ్ల సీసా, రెండు మూడు పెద్ద బెలూన్లు, బకెట్, బకెట్ పట్టేంత వెడల్పు బేసిన్, గీతలున్న కొలపాత్ర. వంటసోడా అణుభారం 84, కాబట్టి 4.2 గ్రాములు సరిగ్గా 0.05 మోల్. వంటింటి తూకానికి ఇంత చిన్న కొలత అందదు. మా వీధి చివర కంసాలి దగ్గరికి వెళ్లి 4.2 ఒకటి, 2.1 ఒకటి, 6.3 ఒకటి పొట్లాలు కట్టించాను. ఆయన బంగారం తూచినంత శ్రద్ధగా తూచి, "ఇదేం నగ టీచరమ్మా?" అన్నాడు.

మూడు కాయల రసం సీసాలో పోశాం. 4.2 గ్రాముల పొట్లం బెలూన్లో పోసి, పొడి కింద పడకుండా బెలూన్ మూతిని సీసాకు తొడిగాం. అప్పుడు బెలూన్‌ను ఎత్తి సోడా అంతా రసంలోకి దులిపాం. బుస్సుమని పొంగింది. వంటసోడా ఒక మోల్‌కు కార్బన్ డయాక్సైడ్ ఒక మోల్, పేచీ లేదు. సీసా పట్టుకుంటే చల్లగా తగిలింది, ఈ చర్య చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది మరి. పది నిమిషాలు ఆగి, మళ్లీ వసారా వేడికి వచ్చాక బెలూన్ మెడ మెలిపెట్టి దారం కట్టి తీశాం. బకెట్‌ను అంచుదాకా నీళ్లతో నింపి బేసిన్లో పెట్టి, బెలూన్‌ను పూర్తిగా ముంచాం. ముంచేటప్పుడు వేళ్లు నీళ్లలోకి పోకూడదు. మావాడు మొదటిసారి మణికట్టు దాకా ముంచాడు, మళ్లీ నింపాల్సి వచ్చింది. పొర్లిన నీళ్లు కొలిస్తే 1.2 లీటర్లు. ఆ పూట వేడి 33 డిగ్రీలు. మా నల్లగొండ గాలి పీడనాన్ని లెక్కలోకి తీసుకుంటే 1.3 లీటర్లు రావాలి. తగ్గినది ఎక్కడికి పోయింది? కొంత గ్యాసును నిమ్మరసమే తాగేసింది, కొంచెం రబ్బరు బిగువు నొక్కి పెట్టింది.

తరవాత 2.1 గ్రాములు, మళ్లీ మూడు కాయలు. ఈసారి పొర్లినవి 570 మిల్లీలీటర్లు. సగం అంటే 600 రావాలి కదా అని మావాడు మూతి ముడిచాడు. రసం ఎంత గ్యాసును తాగుతుందో రెండుసార్లూ ఇంచుమించు అంతే తాగింది, కాబట్టి చిన్నదానికి ఎక్కువ కోత పడింది. ముప్పై మిల్లీలీటర్ల తేడాకు కారణం చెప్పగలిగితే ఆ ప్రయోగం కుదిరినట్టే లెక్క. తేడా అసలే రాలేదని రాసిన రికార్డు పుస్తకాలను నేనెప్పుడూ నమ్మలేదు.

ఒక్క జాగ్రత్త. బెలూన్ బదులు సీసాకు బిరడా బిగించవద్దు. చోటు పెరగడానికి వీల్లేకపోతే పీడనం పెరుగుతుంది, సీసా పగులుతుంది.

మూడో పొట్లం 6.3 గ్రాములు. ఒకటిన్నర రెట్లు రావాలి, 1.8 లీటర్లు అని మావాడు ముందే పలక మీద రాసిపెట్టాడు. తీరా చూస్తే పొర్లినవి మళ్లీ 1.2 లీటర్లే. వాడు నావైపు, నేను సీసావైపు చూశాం. అప్పుడు గుర్తొచ్చింది, ఆరు కాయలు అప్పటికే అయిపోయాయి, ఈసారి సీసాలో పడ్డవి మిగిలిన రెండే. పక్కింటి నుంచి ఒక కాయ అడిగి తెచ్చి ఆ సీసాలోనే పిండాం. మళ్లీ బుస్సుమంది.